సిలబస్‌లో లేని నానీమా

"చివ్వెంలనా? అక్కడ ముస్లింలున్నారా?"

2001 జులైలో, హైదరాబాదులో ఎం.ఏ. మొదటి రోజు క్లాసులో నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగినాయన చెడ్డవాడేం కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా ముందు కూర్చున్నవాళ్లు షాలిబండ, మొగల్‌పురా, టోలీచౌకీ అని చెప్తూ వచ్చారు. నా వంతు వచ్చేసరికి సూర్యాపేట పక్కన, విజయవాడ రోడ్డు మీద చివ్వెంల అన్నాను. ఉన్నాం సార్, మా వాడకట్టులోనే పది పదిహేనిళ్లు ఉన్నాయి అని ఉర్దూలో జవాబిచ్చాను. నా ఉర్దూ విని వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఊళ్లో దాన్ని ఉర్దూ అనరు, తుర్కం అంటారు. అందులో సగం మాటలు తెలుగువి. తిట్లయితే అన్నీ తెలుగువే.

ఇప్పుడు నేను సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు చరిత్ర పాఠం చెప్తున్నాను. ఆ మధ్య ఫైనలియర్ పిల్ల ఒకతె స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి, "మేడమ్, పీజీలో ఇస్లామిక్ స్టడీస్ తీసుకుంటే మన గురించి ఉంటదా?" అని అడిగింది. ఆ "మన" దగ్గర నేను ఆగిపోయాను. రేపు చెప్తానన్నాను. రేపు కూడా చెప్పలేదు. ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబునే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ చదువు నాకేమిచ్చిందో చెప్పాలి. లేకపోతే అన్యాయమవుతుంది. పదో తరగతి దాకా మా బడి పుస్తకాల్లో ముస్లిం అంటే దండెత్తి వచ్చినవాడు, లేదంటే గుడి పడగొట్టినవాడు. ఊళ్లో ముస్లిం అంటే గాజులమ్మేది, కళాయి పోసేవాడు, మేకను కోసేవాడు. అట్లాంటి పిల్లకు ఒక్కసారిగా బాగ్దాద్‌లో గ్రీకు పుస్తకాలను అరబ్బీలోకి తెచ్చిన అనువాదకులు, అల్జీబ్రాకు పేరు పెట్టిన అల్ ఖ్వారిజ్మీ, యూరప్ వైద్య విద్యార్థులు వందల ఏళ్లు చదివిన ఇబ్న్ సీనా ఎదురుపడితే ఎట్లా ఉంటుందో ఊహించండి. నేను హాస్టల్ మంచం మీద పడుకుని ఆ పేర్లను పాటల్లా అనుకునేదాన్ని. రెండు నెలలు తిరక్కుండానే సెప్టెంబర్ 11 వచ్చింది. అంతకుముందు నా సబ్జెక్టు పేరు చెప్తే "దానికి ఉద్యోగాలేముంటయి?" అని అడిగినవాళ్లే ఇప్పుడు "మీవాళ్లు ఎందుకట్లా?" అని అడగటం మొదలుపెట్టారు. అప్పుడు ఆ బాగ్దాద్, ఆ కార్డోవా నాకు కవచంలా పనికొచ్చాయి. చూడండి, మేమిట్లా ఉండేవాళ్లం అని చెప్పుకోవడానికి.

అయితే ఆ "మేము"లో ఎవరెవరున్నారన్నది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

"ఇస్లామిక్ నాగరికత, ముస్లిం సమాజాలు" అన్న ఆ పేపరు అరేబియాలో మొదలై డమాస్కస్, బాగ్దాద్, కైరో, కార్డోవా, ఇస్తాంబుల్ మీదుగా ఢిల్లీ చేరుతుంది. దక్కన్ చివరి యూనిట్‌లో ఉంటుంది. టైముంటే చెప్తారు, ఉండదు. ఇక ఆడవాళ్లకు ఒక ప్రత్యేక అధ్యాయం. పేరు "ఇస్లాంలో స్త్రీ స్థానం". మిగతా అధ్యాయాల్లో మగవాళ్లు నగరాలు కడతారు, గ్రంథాలు రాస్తారు, నక్షత్రాలు కొలుస్తారు. ఈ అధ్యాయంలో మనకు స్థానం ఇస్తారు. ఆస్తి హక్కు ఇచ్చింది, మెహర్ ఇచ్చింది, విద్య ఇచ్చింది అని క్రియలన్నీ ఇవ్వడం చుట్టూనే తిరుగుతాయి. అవి చిన్నవని నేననను. ఏడో శతాబ్దంలో కూతురికి ఆస్తిలో వాటా రాసిపెట్టడం చిన్న విషయం కాదు. మన దేశంలో హిందూ స్త్రీకి చట్టం ప్రకారం తండ్రి ఆస్తిలో వారసత్వం రావడానికి 1956 దాకా పట్టింది. కానీ ఆడది ఎక్కడైనా ఏదైనా చేసినట్టు ఆ అధ్యాయంలో ఉండదు. ఖదీజా వ్యాపారం, ఆయిషా పాండిత్యం రెండు వాక్యాల్లో వచ్చి, మిగతా పధ్నాలుగు వందల ఏళ్లు స్థానంలోకి వెళ్లి కూర్చుంటాయి.

దీనికి ఎదురు పాఠం అదే రోజుల్లో అమెరికా నుంచి వచ్చింది. 2001 నవంబరులో అక్కడి అధ్యక్షుడి భార్య రేడియోలో మాట్లాడుతూ అఫ్ఘాన్ స్త్రీల హక్కుల కోసం కూడా ఈ యుద్ధం అని చెప్పింది. లీలా అబూ లుఘోద్ మరుసటి ఏడాదే ముస్లిం స్త్రీలను నిజంగా ఎవరైనా ఉద్ధరించాలా అని అడుగుతూ ఒక వ్యాసం రాసింది. 2013లో అది పుస్తకమైంది. మా క్లాసులో ఆ వ్యాసం బాగా నచ్చింది. మగపిల్లలకు మరీ నచ్చింది. పడమటి వాళ్లను తిట్టడానికి మంచి ఆయుధం దొరికింది కదా. ఎడ్వర్డ్ సయీద్ 1978లో రాసిన 'ఓరియంటలిజం' కూడా మాకు అట్లాగే చేతికొచ్చింది. యూరప్‌వాడు తూర్పును ఎట్లా చూశాడో గడగడా చెప్పగలిగేవాళ్లం. హైదరాబాదు మా చివ్వెంలను ఎట్లా చూస్తుందో అడిగితే మాత్రం అది ఆ పేపరు కిందికి రాదు. మా హాస్టల్లో కోదాడ వైపు నుంచి వచ్చిన దూదేకుల అమ్మాయి ఒకతె ఉండేది. ఇంటిపేరు అడిగితే మాట మార్చేది. ఎందుకంటే తెలిశాక వచ్చే మాట ఆమెకు తెలుసు: "అంటే, సగం ముస్లింలన్నమాట." ఆ సగాన్ని ఏ ఓరియంటలిస్టు కొలిచాడు?

మార్షల్ హాడ్జ్‌సన్ గురించి ఒక మాట. షికాగోలో పాఠాలు చెప్పిన ఆయన 1968లో చనిపోతే, మూడు సంపుటాల 'ది వెంచర్ ఆఫ్ ఇస్లాం' 1974లో అచ్చయింది. ఇస్లాం మతానికి చెందినది వేరు, ముస్లింలు ఎక్కువ పాలు పంచుకున్న సమాజాల్లో మతంతో నిమిత్తం లేకుండా పెరిగిన సంస్కృతి వేరు అని చెప్పడానికి 'ఇస్లామికేట్' అన్న మాట పుట్టించాడాయన. ఆ మాట చదివిన రోజు నాకు మా జిల్లా మొత్తం కళ్ల ముందు తిరిగింది. పాలకవీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గా ఉంది. జనవరిలో ఉర్సు. ముస్లింల కన్నా హిందువులే ఎక్కువ వస్తారేమో, కందూరు చేస్తారు. పిల్లలు పుట్టాలని మొక్కుకుని, పుడితే సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకుంటారు. మా వైపు సైదిరెడ్లు, సైదయ్యలు ఎందరో! ఒక్కడూ ముస్లిం కాడు. ఇస్లామికేట్ అంటే ఇదే కదా అని సంబరపడ్డాను. తీరా పుస్తకం లోపలికి వెళ్తే హాడ్జ్‌సన్ చూపంతా చదువుకున్నవాళ్ల ఉన్నత సంస్కృతి మీదే. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, ముందే చెప్పాడు. అక్షరం దగ్గర ఆగిపోయే నాగరికత అది. మా నానీమాకు అక్షరం లేదు.

నానీమా గాజులమ్మేది. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేది. రెండేళ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర జరిగితే, "ఓ లింగా" అన్న కేకల మధ్య చెట్టు కింద గోనెసంచి పరుచుకుని కూర్చునేది. చివ్వెంల చుట్టుపక్కల ఏ ఇంటి ఆడమనిషి చేయి ఎంత మందమో, ఎవరికి ఏ మణికట్టు మీద వాత ఉందో ఆమెకు తెలుసు. పెళ్లిళ్లు, సీమంతాలు, మొగుడి దెబ్బలు, అన్నీ ఆ చేతులు పట్టుకుంటేనే తెలిసిపోయేవి. మాదిగవాడకూ పోయేది. కానీ అక్కడ నీళ్లు తాగేది కాదు. ఇది కూడా రాయాలి. ఇస్లాంలో సమానత్వం అన్న యూనిట్ చదువుతున్నప్పుడల్లా నాకు ఆ తాగని నీళ్లే గుర్తొచ్చేవి. అయినా పరీక్షలో మాత్రం సమానత్వమే రాశాను. డెబ్బైరెండు మార్కులు వచ్చాయి.

పీర్ల పండగ వస్తే నానీమా వేరే మనిషయ్యేది. మలీద ముద్దలు చేసేది, ఊదు వేసేది, పీరుకు దట్టీ కట్టించేది. రాత్రి అలావా చుట్టూ ఆడవాళ్లు తిరుగుతూ పాడే పాటల్లో ఆమెదే మొదటి గొంతు. ఆమెకు జోడీ మా ఎదురింటి గొల్లామె. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకునేవాళ్లు. తుర్కంలో మొదలైన చరణం తెలుగులో ముగిసేది. కర్బలాలో నీళ్లు దొరకని పిల్లల కథ అది. మూసీ ఎండిన ఏడాది దాంట్లోకి మూసీ కూడా వచ్చేది.

2002లో పీర్ల పండగ మార్చిలో వచ్చింది. గుజరాత్ మంటలు ఇంకా ఆరలేదు. హాస్టల్లో టీవీ ముందు రాత్రుళ్లు కూర్చుని ఏడ్చి, కోపంతో, భయంతో ఊరికొచ్చాను. ఆ దినాల్లో నాకు ఒకటే అనిపించేది: మనం ఒక్కటిగా ఉండాలి, సాఫుగా ఉండాలి, ఎవరూ వేలెత్తి చూపలేని ముస్లింలుగా ఉండాలి. అప్పటికే మా చిన్న మామయ్య సూర్యాపేట వెళ్లి జమాతులో కూర్చోవడం మొదలుపెట్టాడు. పీర్లు షిర్క్ అంటున్నాడు. ఆయన మాటకు నా దగ్గర చదువు తోడైంది. ఇంట్లో మగవాళ్లెవరూ లేకపోతే నానీమా మలీద ముందు కూర్చుని తనే ఫాతెహా ఇస్తోంది. అరబ్బీ ఉచ్చారణ అంతా తప్పు. మధ్యలో ఏవో తెలుగు మాటలు. నేను పక్కన కూర్చుని, "నానీమా, ఇట్లా కాదు. అసలిదంతా ఇస్లాంలో లేదు" అన్నాను.

ఆమె కోప్పడలేదు. "నువ్వు చదివిన కితాబుల ఉన్నదో లేదో నాకేమెర్క బేటీ. మా అమ్మ చెప్పింది, నేను చెప్తున్న. మా అమ్మకు వాళ్లమ్మ చెప్పింది" అంది. కాసేపాగి ఊదు పొగ నా వైపు జరిపి, "సరే, నువ్వే సదువు" అంది.

నేను చదివాను. చక్కగా, తజ్వీద్‌తో చదివాను. ఆ రాత్రి అలావా దగ్గరికి ఆమె రాలేదు. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ పాడలేదు.

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను. మాకు ఆ పేపర్లో అన్నిటికన్నా శ్రద్ధగా చెప్పిన పాఠం ఇస్నాద్. ఒక హదీసు నిజమా కాదా అన్నది ఎట్లా తేల్చాలి? ఫలానావాడు ఫలానావాడి నుంచి విన్నాడు, ఆయన ఫలానా ఆమె నుంచి విన్నాడు, ఆమె ప్రవక్త నోట విన్నది అని ఆ గొలుసు మొత్తం చెప్పాలి. గొలుసులో ప్రతి మనిషి ఎవరు, జ్ఞాపకం ఎట్లాంటిది, అబద్ధాలాడాడా, ఆయన ఎవరి దగ్గర విన్నానంటున్నాడో ఆ మనిషి అప్పటికి బతికి ఉన్నాడా అని పరీక్షించాలి. దీనికోసమే వేల మంది జీవితచరిత్రలతో నిఘంటువులు రాశారు. ముస్లిం పండితులు ప్రపంచానికిచ్చిన గొప్ప విమర్శ పద్ధతి ఇదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఫాతిమా మెర్నిస్సీ ఆ పద్ధతినే చేతికి తీసుకుంది. మొరాకో సోషియాలజిస్టు ఆమె, 2015లో చనిపోయింది. 1987లో ఫ్రెంచిలో వచ్చి 1991లో 'ది వీల్ అండ్ ది మేల్ ఎలీట్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లిన పుస్తకం ఒక కిరాణా కొట్టు దగ్గర మొదలవుతుంది. స్త్రీ ముస్లింలకు నాయకురాలు కాగలదా అని ఆమె అడిగితే, కొట్లో ఉన్న ఒకాయన హదీసుతో నోరు మూయిస్తాడు. స్త్రీ చేతికి అధికారమిచ్చిన జాతి బాగుపడదన్న హదీసు అది. బుఖారీలో ఉంది కాబట్టి మాట్లాడే వీల్లేదు. మెర్నిస్సీ ఇంటికి వెళ్లి ఏడవలేదు. పాత సంపుటాలు దించి గొలుసు పట్టుకుని వెనక్కి నడిచింది. ఆ మాట చెప్పిన అబూ బక్రా ఎవరు, ఎప్పుడు చెప్పాడు, 656లో ఆయిషా ఒంటె యుద్ధంలో ఓడాకనే అది ఎందుకు గుర్తొచ్చింది, ఒక వ్యభిచారం కేసులో రుజువు కాని సాక్ష్యం చెప్పినందుకు ఖలీఫా ఉమర్ అతన్ని శిక్షించాడు కదా, అట్లాంటి సాక్షి మాట ఎట్లా తీసుకోవాలి అని వాళ్ల నియమాలతోనే వాళ్లను అడిగింది. ఆమె వాదనతో విభేదించిన పండితులు ఉన్నారు. వాళ్ల వాదనలు కూడా చదవాల్సినవే. కానీ "స్త్రీ స్థానం" అన్న అధ్యాయం రాసేవాడికీ మెర్నిస్సీకీ ఉన్న తేడా ఇదీ: ఆమె స్థానం అడగలేదు, సాక్షులను పిలిపించింది.

మెర్నిస్సీ మా సిలబస్‌లో లేదు. నాకు చదివి పారేసిన పుస్తకాల కుప్పలో దొరికింది, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద.

తమాషా ఏమిటంటే ఇస్నాద్ గొలుసుల్లో ఆడవాళ్లు లేకపోలేదు. ఆయిషా పేరు మీదే రెండు వేలకు పైగా హదీసులున్నాయి. ఇబ్న్ హజర్ రాసిన 'అద్దురరుల్ కామినా' అనే జీవితచరిత్రల నిఘంటువులో హదీసు పాఠం చెప్పిన స్త్రీలు ఎంతోమంది కనిపిస్తారు. ఆ పుస్తకాన్ని అచ్చువేసింది ఎక్కడనుకుంటున్నారు? మన హైదరాబాదులో, 1888లో పెట్టిన దాయిరతుల్ మారిఫ్‌లో. మాన్యుస్క్రిప్టులను వెతికి, సరిచూసి, అరబ్బీ అక్షరాలు పేర్చి అచ్చువేసి ప్రపంచానికి పంపిన సంస్థ అది. మహమ్మద్ అక్రమ్ నద్వీ అనే పండితుడు 2021లో అచ్చయిన తన అరబ్బీ గ్రంథంలో ఇట్లాంటి స్త్రీల చరిత్రలను 43 సంపుటాల్లో పోగుచేశాడు. నలభై మూడు! మా అధ్యాయం మాత్రం పదకొండు పేజీలే.

సరే, ఆ 43 సంపుటాల్లో కూడా గాజులమ్మే మనిషి ఉండదు. కానీ "మా అమ్మ చెప్పింది, నేను చెప్తున్న, మా అమ్మకు వాళ్లమ్మ చెప్పింది" అన్నది ఏమిటి? అది ఇస్నాద్ కాదా? నానీమా ఆ రోజు ఊదు పొగలో కూర్చుని తన గొలుసు మొత్తం నాకు చెప్పింది. ఇస్నాద్ పాఠంలో క్లాస్ ఫస్టు వచ్చిన నేను దాన్ని గుర్తుపట్టలేదు.

తర్వాత కొన్నాళ్లకు రిచర్డ్ ఈటన్ చదివాను. 1978లో వచ్చిన 'సూఫీస్ ఆఫ్ బీజాపూర్'. అందులో చక్కీనామాల గురించి ఉంది. దక్కన్ సూఫీలు దఖనీలో చిన్న చిన్న పాటలు అల్లారు. ఆడవాళ్లు ఇసుర్రాయి తిప్పుతూ, రాట్నం వడుకుతూ, పిల్లల్ని ఊపుతూ పాడుకునే పాటలు. ఇసుర్రాయి పిడిని అలీఫ్ అక్షరంతో పోల్చడం, రాయి తిరుగుడులో దేవుడి స్మరణను చూడటం, ఇట్లాంటివి. సామాన్య జనంలోకి ఇస్లాం వెళ్లింది ఖానఖాల్లోని లోతైన తత్వ గ్రంథాల వల్ల కాదు, వంటింటి పాటల వల్ల అంటాడు ఈటన్. ఇది చదివి ఎంత పొంగిపోయానో! మొదటిసారి ఒక పండితుడి పుస్తకంలో ఇసుర్రాయి కనిపించింది.

రెండోసారి చదివినప్పుడు చికాకు మొదలైంది. ఈటన్ లెక్కలో పాట సూఫీది, గొంతు ఆడదానిది. ఆమె ఒక కాలువ, దాంట్లోంచి ఇస్లాం ఇంట్లోకి పారుతుంది, పిల్లలకు చేరుతుంది. రాతప్రతి మీద సూఫీ పేరుంది కాబట్టి అంతవరకే రుజువు చేయగలనని ఆయన అనవచ్చు. చరిత్రకారుడిగా అది న్యాయమే. కానీ వందల ఏళ్లు రోజూ తెల్లవారుజామున విసురుతూ పాడినవాళ్లు దాంట్లో ఒక్క మాటా మార్చకుండా ఉంటారా? తన అత్త మీద ఒక చరణం కట్టకుండా ఉంటారా? అసలు ఇసుర్రాయి పాట ఆడవాళ్ల నుంచే సూఫీకి వెళ్లి, సూఫీ పేరుతో తిరిగొచ్చిందేమో ఎవరు చెప్పాలి? తెలుగులో విసుర్రాయి పాటలు, దంపుళ్ల పాటలు సేకరించినవాళ్లకు ఈ అనుమానం సహజంగానే వస్తుంది. ఆ వరస, ఆ దరువు పని చేసే చేతిది. నానీమా పాటలోకి మూసీని తెచ్చింది ఏ సూఫీ? కాలువ అనడంలో ఉన్న ఇబ్బంది అదే, కాలువకు సొంత నీళ్లుండవు.

దీని మీదే ఎం.ఫిల్. చేద్దామనుకున్నాను. 2004లో ఒక పేజీన్నర ప్రతిపాదన రాసి తీసుకెళ్లాను. నల్లగొండ జిల్లాలో పీర్ల పండగ ఆడవాళ్ల పాటలు. ఒక విభాగంలో, "ఇది ఇస్లాం కాదమ్మా, జానపదం. ఆ విభాగానికి వెళ్లు" అన్నారు. ఆ విభాగంలో, "ఇది ముస్లింల విషయం కదా, అక్కడే బాగుంటుంది" అన్నారు. రెండు విభాగాలకూ మధ్య ఉన్న వేపచెట్ల కింద కూర్చుని ఆ పేజీన్నర చదువుకున్నాను. నాలో కూడా ధైర్యం లేదు. ఇస్లాం కాదు అని నానీమాకు ముందు చెప్పింది నేనే కదా, ఇప్పుడు వాళ్లంటే ఏమని వాదిస్తాను? కుతుబ్‌షాహీల భూమి శిస్తు మీద ఎం.ఫిల్. చేసి బయటపడ్డాను.

అఫ్సర్ 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' 2013లో వచ్చింది. చింతకాని నుంచి అమెరికా యూనివర్సిటీల దాకా వెళ్లిన మన కవి, అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప పీరు దగ్గర కూర్చుని రాసిన పుస్తకం. ఊరి ఇస్లాం అన్నది తప్పుల తడక కాదు, దానికి దాని శాస్త్రం ఉంది, అస్లీ ఇస్లాం పేరుతో వచ్చే సంస్కరణ ఆ ఊళ్లలో ఏం చేస్తోంది అన్నది మనుషుల మాటల్లో చూపిస్తాడు. చదువుతుంటే పక్కనే కూర్చుని ఎవరో నా చెంప మీద మెల్లగా కొట్టినట్టుంది. నానీమా అప్పటికి రెండేళ్ల కిందనే పోయింది.

1948 సంగతి కూడా చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మా పేపర్లో హైదరాబాదు ముస్లిం సమాజం అంటే నిజాం ఇచ్చిన దానాలు, 1917లో పెట్టిన అనువాద సంస్థ, మరుసటి ఏడు మొదలైన ఉస్మానియా, ఉర్దూ వైభవం. ఆ తర్వాత తెర. పోలీస్ యాక్షన్ తర్వాత జరిగిన హత్యాకాండ మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక 2013 దాకా మామూలు చదువరులకు అందలేదు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని దాని అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ జరిగింది. మా నల్లగొండ ఆ నాలుగింటిలో లేదు. మా నల్లగొండలో అంతకుముందు రజాకార్లు తెలుగు ఆడవాళ్ల మీద చేసిన ఘోరాలు ఉన్నాయి, అవీ నిజమే. రెండూ నిజమేనని ఒక్క పేజీలో రాయడం ఎవరికీ సుఖంగా ఉండదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో జమాలున్నిసా బాజీ, రజియా బేగం మాటలున్నాయి. తెలంగాణ పోరాటంలో ముస్లిం స్త్రీలు లేరనుకునేవాళ్లు చదవాలి. అయితే వాళ్లు హైదరాబాదు చదువుకున్న ఇళ్ల వాళ్లు. ఊళ్లో పదేళ్ల ముస్లిం పిల్ల ఆ సెప్టెంబరులో ఏం చూసిందన్నది అందులో కూడా దొరకదు.

మా నానీమాకు అప్పుడు పదేళ్లు. నాలుగు దినాలు గొల్లవాళ్ల గొర్రెల దొడ్డిలో దాక్కుంది. ఆ ఇంటామె ఈమె నొసట బొట్టు పెట్టి, ఎవరన్నా అడిగితే నా చెల్లెలి బిడ్డ అని చెప్పింది. ఆ ఇంటామె పేరు కూడా జాన్‌పహాడ్ మొక్కు పేరే. ఇంతే నాకు తెలుసు. అదీ నానీమా నాకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పింది, అమ్మ నాకు చెప్పింది.

తెలుగు సాహిత్యం నాకు యూనివర్సిటీ కన్నా ముందే ఈ దారి చూపించాల్సింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా', 2004లో కథల సంకలనం 'వతన్', అన్నీ నా చదువు రోజుల చుట్టూ వచ్చినవే. స్కైబాబ మా జిల్లా మనిషే. నేను అవి ఎం.ఏ. అయిపోయాక చదివాను. ఎందుకంటే ఇస్లాం తెలుగులో ఉండదని నాకు నేర్పారు, నేనూ నమ్మాను. ముస్లింవాద కవిత్వంలో అమ్మీలు చాలామంది ఉన్నారు. చినిగిన బుర్ఖా అమ్మీ, రొట్టె చేసే అమ్మీ, ఏడ్చే అమ్మీ. కొడుకులు ప్రేమగానే రాశారు. కానీ ఆ అమ్మీలు నోరు విప్పి జోకు వేయరు, ఎవరినీ తిట్టరు. 2005లో షాజహానా 'నఖాబ్' తెచ్చాక గాని ఆ గొంతు లోపలి నుంచి రాలేదు. బయటివాడి చూపునూ ఇంట్లోవాడి పెత్తనాన్నీ ఒకేసారి ఎదుర్కోవాల్సిన మనిషి గొంతు. మన స్త్రీవాదులం కూడా అప్పటిదాకా "మనం" అన్నప్పుడు బొట్టు, తాళి, వ్రతాలు ఉన్న మనాన్నే అనుకుంటూ వచ్చాం. దాన్ని ధిక్కరించినా సరే, ధిక్కరించడానికి ముందు అవి ఉండాలి కదా. నానీమాకు బొట్టు ఒక్కసారే పెట్టారు, ప్రాణం దక్కడానికి.

ఆ డిగ్రీ పిల్లకు చివరికి ఏం చెప్పానంటే, తీసుకో అని చెప్పాను. అరబ్బీ నేర్చుకో, ఇస్నాద్ నేర్చుకో, మెర్నిస్సీని నేనిస్తాను. వెళ్లేముందు మీ నానీమానో దాదీమానో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చెయ్యి అన్నాను. "ఏం రికార్డు చెయ్యాలె మేడమ్?" అంది. ఏదైనా అన్నాను.

ఆ మాట చెప్పాక నాకే సిగ్గేసి, మొన్నటి పీర్ల పండక్కి నేనూ ఫోన్ పట్టుకుని చివ్వెంల వెళ్లాను. అలావాకు గుంట తవ్వారు గాని చుట్టూ తిరగడానికి కుర్రాళ్లు, డప్పులే తప్ప పాడే ఆడవాళ్లు లేరు. ఎదురింటి గొల్లామెకు ఇప్పుడు ఎనభై దాటాయి. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, చేతులకు గాజుల్లేవేమని కోప్పడింది. పాట అడిగాను. సిగ్గుపడి, గొంతు సవరించుకుని అందుకుంది. నడుమ నుంచి ఎత్తుకున్నట్టుంది, మొదలు తెలియలేదు. ఒక చరణం పాడి ఆగింది. నేను ఫోన్ ఇంకొంచెం దగ్గరికి జరిపి, తర్వాతది పాడు పెద్దమ్మా అన్నాను.

"తర్వాతది మీ నానిది బిడ్డా" అంది. "నాకు నాదే వస్తది."